మర్చిపోయే మనిషితో మాట్లాడి ఏం లాభం అన్నవాళ్లకి

పోయిన సంక్రాంతికి మా ఆడపడుచు తెనాలి నుంచి ఫోన్ చేసి, అదీ ఇదీ మాట్లాడాక ఉన్నట్టుండి అడిగింది. "వదినా, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండని మనిషికి వారం వారం కౌన్సెలింగ్ ఏంటి? ఆవిడ చెప్పింది అమ్మకి గుర్తుంటుందా, అమ్మ చెప్పింది అమ్మకే గుర్తుంటుందా?" తను వెటకారానికి అనలేదు. తల్లి మీద బెంగతోనే అడిగింది. నాకూ మొదట్లో అదే అనుమానం ఉండేది కాబట్టి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. తనకే కాదు, ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లున్న ఎవరికైనా పనికొస్తుందని.

ముందు సంగతి చెప్పాలి. మా అత్తయ్యకి 2018లో అల్జీమర్స్ అని తేలింది. మామయ్య పోయాక ఇక్కడికి, న్యూజెర్సీకి, మా దగ్గరికి తీసుకొచ్చాం. మూడేళ్లు ఇంట్లోనే చూసుకున్నాం. 2022లో బాత్రూమ్‌లో పడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ తర్వాత ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేని స్థితి వచ్చింది, ఇద్దరం ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో అది మా వల్ల కాలేదు. నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆస్పత్రి. ఇక్కడ అంటే ఇక మనిషి ఉండే చోటే అది, మంచం, బీరువా, గోడ మీద ఫోటోలు, పక్క మంచంలో ఇంకెవరో. "అత్తని హోమ్‌లో పడేసింది" అన్న మాట నా చెవిన పడకుండా పోలేదు. దాని గురించి ఇక్కడ వాదించను.

చేరిన రెండు మూడు నెలలకి అత్తయ్య తిండి తగ్గించేసింది. కంచం పక్కకి నెట్టేసేది. గోడ వైపు తిరిగి పడుకునేది. స్నానానికి లేపితే అరిచేది, ఒకసారి అమ్మాయి చెయ్యి గీరేసింది కూడా. నేను వెళ్తే "నన్నెందుకు ఉంచావే ఇంకా" అనేది. డాక్టర్‌ని అడిగితే జబ్బు ముదురుతోంది, ఇలాగే ఉంటుంది అన్నారు. నమ్మాను, ఎందుకు నమ్మనూ, అల్జీమర్స్ ముదిరితే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను.

ఇక్కడ ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రతి నర్సింగ్ హోమ్ మూడు నెలలకోసారి ప్రతి మనిషికీ ఒక పెద్ద ఫారం నింపాలి. అందులో మనసు బాగోగుల మీద కూడా ప్రశ్నలుంటాయి, ఈ రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకుండా ఉందా, నిద్ర పడుతోందా, చచ్చిపోతే బాగుండు అనిపించిందా, ఇలా. నేను ఆ కాగితం చూపించమని అడిగాను. అత్తయ్య స్కోరు సున్నా, అంటే మనసుకి ఏ దిగులూ లేదని! ఎలా వచ్చిందయ్యా అని చూస్తే, ఎవరో వచ్చి ఇంగ్లీషులో అడిగారు, ఆవిడ అన్నింటికీ "నో, నో" అని తల ఊపింది. అది జవాబు కాదు, నన్ను వదిలెయ్యమ్మా అని. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్లో పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. మనవాళ్లకి ఇది గట్టిగా చెప్తున్నాను, మీ వాళ్లు ఇక్కడ ఇలాంటి చోట ఉంటే ఆ ఫారం అడిగి చూడండి, ఏ భాషలో అడిగారో కనుక్కోండి. డిమెన్షియాలో, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బుల్లో, తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం మామూలే, పైగా మా అత్తయ్యకి ఇంగ్లీషు మొదటి నుంచీ అంతంత మాత్రమే.

నేను పట్టుబడితే ఒక సైకాలజిస్ట్‌ని పిలిపించారు. వారానికి రెండు రోజులు ఆ హోమ్‌కి వస్తుందట. ఆవిడ తెచ్చిన ప్రశ్నల పట్టిక వేరు. డిమెన్షియా ఉన్నవాళ్ల డిప్రెషన్ కోసమే 1988లో అలెక్సోపౌలోస్ అనే డాక్టరు, ఆయన సహచరులు తయారుచేసింది, కోర్నెల్ స్కేల్ అంటారు. 19 అంశాలు, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు వరకు. దాంట్లో నాకు నచ్చిందేంటంటే, రోగిని ఒక్కదాన్నే అడగరు, రోజూ చూసుకునే మనిషిని కూర్చోబెట్టి అడుగుతారు. నన్ను అడిగారు, ఆ తర్వాత హైతీ నుంచి వచ్చిన ఒక నర్సింగ్ అసిస్టెంట్ అమ్మాయిని అడిగారు. నాకు తెలియనివన్నీ ఆ అమ్మాయికి తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి గోడ చూస్తూ ఉంటుంది, పొద్దున పూట ఘోరంగా ఉంటుంది, సాయంత్రానికి కాస్త నయం, నర్సులు మందులిచ్చేటప్పుడు ఏడవదు గానీ అందరూ వెళ్లిపోయాక ఏడుస్తుంది. ఇవన్నీ ఆ పట్టికలో ఉన్న ప్రశ్నలే, పొద్దున ఎక్కువగా ఉండటం, వేళకి ముందే మెలకువ రావడం. పది దాటితే డిప్రెషన్ ఉండొచ్చని లెక్క. అత్తయ్యకి 17 వచ్చింది.

సున్నా ఎక్కడ, 17 ఎక్కడ. మనిషి అదే, వారం అదే.

మరి మందులు వాడొచ్చు కదా అంటారు. వాడాం కూడా, మొదట మందే మొదలుపెట్టారు. ఒక మందుకి రోజంతా మగతగా ఉండి కుర్చీలోంచి జారిపడింది, ఆపేశారు. తర్వాత నేను చదువుకుంటే తెలిసింది, బ్రిటన్‌లో అల్జీమర్స్‌తో పాటు డిప్రెషన్ ఉన్న 326 మంది మీద సెర్ట్రలీన్, మిర్టజపీన్ అనే రెండు డిప్రెషన్ మందుల్ని, లోపల మందే లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. ఆ రెండు మందులకీ ఉత్తుత్తి మాత్రకీ డిప్రెషన్ తగ్గడంలో తేడా లేదు, సైడ్ ఎఫెక్టులు మాత్రం మందులు వేసుకున్నవాళ్లకే ఎక్కువ. ఇది చదివి మీ ఇంట్లో మందులు ఆపేయకండి, కొందరికి అవి అవసరమే, ముఖ్యంగా ఎప్పటి నుంచో డిప్రెషన్ ఉన్నవాళ్లకి, డాక్టర్‌ని అడక్కుండా ఏదీ ఆపొద్దు. నేను చెప్పేదల్లా, "మాత్ర ఇచ్చాం కదా" అని అక్కడితో ఊరుకోకూడదని.

ఇక అసలు విషయానికి వస్తాను, ఆ సైకాలజిస్ట్ ఏం చేసిందో.

నేను సినిమాల్లో చూసినట్టు సోఫా, చిన్నప్పటి కథలు, అలా ఏదో ఊహించుకున్నాను. అదేం లేదు. పాతిక నిమిషాలు, వారానికి ఒకసారి, అత్తయ్య గదిలోనే, టీవీ ఆపేసి, పక్కావిడని హాల్లోకి పంపించి. నేను తెలుగు చెప్పడానికి పక్కన కూర్చునేదాన్ని, నేను లేని రోజు ఫోన్లో ఇంటర్‌ప్రెటర్. వచ్చిన ప్రతిసారీ ఒకే మాటతో మొదలు: "నేను మీ మనసు ఎలా ఉందో కనుక్కోవడానికి వచ్చాను." నా చేత తెలుగులో చెప్పించేది. తర్వాత ఒక కాగితం మీద మొహాలు, నవ్వేది, మామూలుది, ఏడ్చేది, ఏదో ఒకటి వేలితో చూపించమనేది. వెళ్లేటప్పుడు మళ్లీ అదే కాగితం.

మొదటి రెండు వారాలు ఏమీ జరగలేదు. అత్తయ్య కళ్లు మూసుకుని కూర్చుంది.

మూడో వారం. అత్తయ్య దుప్పటి అంచు పట్టుకుని బొటనవేలూ చిటికెనవేలూ చాచి జానలు కొలుస్తోంది, ఒకటి, రెండు, మూడు, మళ్లీ మొదటికి. అది రోజూ చేస్తుంది. నర్సుల కాగితాల్లో దాన్ని చేతులు ఊరికే ఆడించడం అని రాశారు, చికాకు కింద లెక్కేశారు. సైకాలజిస్ట్ మాత్రం తన చెయ్యి ఆ దుప్పటి మీద పెట్టి, ఏం కొలుస్తున్నారో అడగమంది. అడిగాను. అత్తయ్య కళ్లు తెరవకుండానే "మీటరు చాలదు, ఒళ్లు పెద్దది" అంది.

తెనాలి మారీసుపేటలో మా అత్తయ్య ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టింది. ఉషా మిషన్ వసారాలో ఉండేది. నేను పెళ్లై వెళ్లినప్పుడు నా జాకెట్టు చూసి మొదటి మాటగా "ఎవరు కుట్టారే, చంక పట్టేసింది" అంది. ఇది నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు, ఆ హోమ్‌లో ఒక్కరికి తెలియదు. చేర్చేటప్పుడు నింపిన కాగితాల్లో వృత్తి అన్న చోట నేనే గృహిణి అని రాశాను. దానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

ఆవిడ పద్ధతికి మూలం ఇదీ, నాకు అర్థమైనంత వరకు. డిప్రెషన్‌లో మనిషి పనులు మానేస్తాడు, పనులు మానేస్తే సంతోషం కలిగించేవి తగ్గిపోతాయి, అవి తగ్గితే డిప్రెషన్ ఇంకా పెరుగుతుంది. ఆ గొలుసుని పని వైపు నుంచి తెంపాలి. 1997లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో లిండా టెరీ అనే సైకాలజిస్ట్ ఇదే డిమెన్షియా ఉన్నవాళ్లతో, వాళ్లని చూసుకునే ఇంట్లోవాళ్లతో కలిపి తొమ్మిది వారాలు చేయించి చూస్తే ఇద్దరికీ డిప్రెషన్ తగ్గింది. రోగికే కాదు, చూసుకునేవాళ్లకి కూడా! నర్సింగ్ హోమ్‌ల కోసమైతే లూయివిల్ యూనివర్సిటీలో సుజాన్ మీక్స్ అనే ఆవిడ పది వారాల పద్ధతి తయారుచేసింది, అందులో సైకాలజిస్ట్ ఒక్కటే కాదు, హోమ్‌లో ఆటలూ పాటలూ చూసుకునే యాక్టివిటీ స్టాఫ్‌ని కూడా కలుపుకుని చేస్తారు. ఎందుకంటే వారానికి పాతిక నిమిషాలు వచ్చే మనిషి ఎంత చేసినా, మిగతా ఆరు రోజులూ ఉండేది వాళ్లే కదా.

మేం చేసిన మొదటి ప్రయత్నం తప్పింది. యాక్టివిటీ అమ్మాయి రంగు రంగుల గుండీల డబ్బా తెచ్చి, రంగుల వారీగా వేరు చెయ్యమంది. అత్తయ్య డబ్బా వైపు, ఆ పిల్ల వైపు చూసి "పిల్లలాటలా ఇవి" అని నెట్టేసింది. గుండీలు గదంతా. నాకు ఏడుపొచ్చింది గానీ సైకాలజిస్ట్ సంతోషపడింది, ఇన్ని వారాల్లో ఆవిడ ఒక అభిప్రాయం చెప్పడం ఇదే మొదటిసారి అని.

తర్వాతి వారం నేను ఇంటి నుంచి నా జాకెట్టు ఒకటి తీసుకెళ్లాను, నిజంగానే బిగుతైపోయింది. ఒళ్లో పెట్టి "అత్తయ్యా, ఇది పట్టట్లేదు, ఏం చెయ్యాలి" అన్నాను. చాలాసేపు ఊరికే పట్టుకుంది. తర్వాత తిరగేసింది. లోపలి కుట్టు దగ్గరికి వేలు పోనిచ్చి, అక్కడ వదిలిన గుడ్డ ఎంతుందో వేళ్ల మధ్య నలిపి చూసింది. కళ్లతో చూడట్లేదు, కిటికీ వైపు చూస్తోంది, వేళ్లు మాత్రం చంక నుంచి నడుం దాకా ఆ కుట్టు వెంట నడుచుకుంటూ పోయాయి. ఒక చోట ఆగి గోటితో నొక్కింది. "ఇక్కడ విప్పు. అర అంగుళం ఉంది." ఇంటికొచ్చి టేపు పెట్టి చూశాను. అర అంగుళమే.

ఆ రోజు వెళ్లేటప్పుడు మొహాల కాగితం మీద మామూలు మొహం చూపించింది. నవ్వేది కాదు. ఏడ్చేది మాత్రం కాదు.

అక్కడి నుంచి దారి దొరికింది. పొద్దున పూట ఘోరం కాబట్టి టిఫిన్ అవగానే తొమ్మిదిన్నరకి ఒక బట్ట సంచి బల్ల మీద పెట్టేవాళ్లు. అందులో జాకెట్టు, ఊడిపోయిన హుక్కుల పట్టీ, పెద్ద బెజ్జం ఉన్న ప్లాస్టిక్ సూది, ఉలెన్ దారం. అసలు సూది ఇవ్వరు, అది వాళ్ల రూలు, సబబే. సంచి మీద నేను పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాను, "అత్తయ్య కుట్టుపని" అని. చదువుతుందో లేదో తెలీదు, కానీ ఆ అక్షరాల మీద చెయ్యి పెడుతుంది. హైతీ అమ్మాయి ఒక రోజు తన యూనిఫాం చొక్కా అంచు ఊడిపోతే తెచ్చి చూపించింది. ఆ అమ్మాయికి తెలుగు రాదు, అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. ఐదు నిమిషాలు ఆ అంచు పట్టుకుని ఇద్దరూ మాట్లాడుకున్నారు.

ఇంకొకటి, నా వైపు నుంచి నేను మార్చుకున్నది. అత్తయ్య రోజుకి పదిసార్లు "మీ మామయ్య కాఫీ తాగారా" అని అడిగేది. నేను నిజం చెప్పాలనుకుని "మామయ్య పోయారు కదా అత్తయ్యా" అనేదాన్ని. ప్రతిసారీ అప్పుడే తెలిసినట్టు గుండెలు బాదుకునేది. పది నిమిషాలకి మర్చిపోయేది, మళ్లీ అడిగేది. నేను తనని రోజుకి ఎన్నిసార్లు విధవని చేశానో లెక్కలేదు. సైకాలజిస్ట్ నన్ను అబద్ధం చెప్పమనలేదు. "ఆవిడ ఆయన కోసం వెతుకుతోంది, నువ్వు ఆయన గురించి అడుగు" అంది. ఇప్పుడు నేను "మామయ్యకి కాఫీ ఎలా ఉండాలి అత్తయ్యా" అంటాను. "రెండు చెంచాల పంచదార. నురగ రావాలి, లేకపోతే అలుగుతాడు." అప్పుడు కూడా ఒక్కోసారి కళ్లలో నీళ్లొస్తాయి, కానీ అది వేరే ఏడుపు. ఇలా వాళ్ల మాట వెనకున్న మనసుని పట్టుకోవడం గురించి నవోమీ ఫీల్ అనే ఆవిడ చాలా పనిచేసింది, తండ్రి క్లీవ్‌లాండ్‌లో వృద్ధాశ్రమం నడిపితే అందులోనే పెరిగిందట ఆవిడ. ఆ పద్ధతి మొత్తంగా పనిచేస్తుందని పరీక్షల్లో గట్టి రుజువు దొరకలేదని కూడా చదివాను. నేను దాన్ని మందులా వాడట్లేదు. అత్తయ్యని రోజూ ఏడిపించడం మానేశాను, అంతే.

ఇప్పుడు మా ఆడపడుచు ప్రశ్న. గుర్తుండదు కదా?

గుర్తుండదు. పది నెలలైనా సైకాలజిస్ట్ పేరు అత్తయ్యకి తెలియదు, ప్రతి వారం కొత్త మనిషే. కానీ అయోవా యూనివర్సిటీలో 2014లో ఒక చిన్న పరీక్ష చేశారు. అల్జీమర్స్ ఉన్న 17 మందికి ముందు ఏడిపించే సినిమా ముక్కలు, తర్వాత నవ్వించేవి చూపించారు. కాసేపాగి అడిగితే ఏం చూశారో చాలావరకు చెప్పలేకపోయారు. కానీ ఆ దిగులు మాత్రం, ఆ సంతోషం కూడా, అరగంట వరకు అలాగే ఉంది. అంతకన్నా నన్ను కదిలించింది, సినిమా ఎంత తక్కువ గుర్తుంటే దిగులు అంత ఎక్కువసేపు నిలిచిందట. అంటే ఎందుకు ఏడుస్తోందో మర్చిపోయిన మనిషికి ఏడుపు ఆపుకునే దారి కూడా ఉండదు. మనకైతే కారణం తెలుస్తుంది, సర్ది చెప్పుకుంటాం. వాళ్లకి వట్టి బరువే మిగులుతుంది, దేని బరువో తెలీదు. పొద్దున స్నానం దగ్గర ఎవరో కసిరితే మధ్యాహ్నం కంచం నెట్టేయడం అందుకేనేమో అని నాకు అనిపిస్తుంది. అలాగే తొమ్మిదిన్నరకి ఎవరో తనని ఒక కుట్టు గురించి సలహా అడిగారన్నది పదకొండింటికి గుర్తుండకపోయినా, అన్నం దగ్గర కూర్చునే మనిషి వేరేగా ఉంటుంది. నేను చూశాను.

పది వారాలకి కోర్నెల్ స్కోరు తొమ్మిదికి దిగింది. బరువు రెండు కిలోలు పెరిగింది. డిమెన్షియా ఏమీ తగ్గలేదు, అది తగ్గేది కాదు, ఎవరైనా తగ్గిస్తామంటే నమ్మకండి. ఆగస్టులో ఆ హైతీ అమ్మాయి నైట్ డ్యూటీకి మారింది, మూడు వారాల్లో అత్తయ్య మళ్లీ గోడ వైపు తిరిగింది. పేరు కూడా తెలియని ఆ పిల్ల కోసం బెంగ పెట్టుకుందని నేను నమ్ముతున్నాను. స్కోరు 13. మళ్లీ మొదలుపెట్టారు.

ఇది అందరికీ పనిచేస్తుందనీ అనను. 2022లో ఇలాంటి పరిశోధనలు 29 కలిపి చూసిన కోక్రేన్ (వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే సంస్థ) సమీక్షలో, ఆలోచననీ పనినీ మార్చే పద్ధతుల వల్ల డిప్రెషన్ కొద్దిగా తగ్గుతుందని తేలింది, కొద్దిగానే. ఊరికే ఓదార్పుగా మాట్లాడటం వల్ల పెద్దగా తేడా కనిపించలేదు. నాకు ఆ రెండో మాట ముఖ్యం అనిపించింది, ఎందుకంటే మనం చేసేది అదే కదా, వెళ్లి పక్కన కూర్చుని "ఏం కాదులే, బాధపడకు" అని వచ్చేస్తాం. చేతికి ఒక పని, తనకి వచ్చిన పని, తనని ఎవరో అడిగి చేయించుకునే పని, అది కావాలి.

మన ఇండియాలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా. వాళ్లలో ఎక్కువమంది ఉండేది హోమ్‌లలో కాదు, ఇళ్లలోనే, కోడళ్లూ కూతుళ్ల చేతుల్లో. చెన్నైలో స్కార్ఫ్ అనే మానసిక ఆరోగ్య సంస్థవాళ్లు, డిమెన్షియా ఉన్నవాళ్ల కోసం ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక గ్రూప్ థెరపీని తమిళవాళ్లకి తగ్గట్టు మార్చి వాడారు. అలాంటిది తెలుగులో, మన పాటలతో, మన వంటలతో, మన పనులతో విరివిగా రావాలని నా కోరిక. మొహాల కాగితం గీయడానికి ఖర్చేం కాదు. ఈలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, రోగి కోసమైనా మీ కోసమైనా, భారత ప్రభుత్వం టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు. మిమ్మల్ని చూసుకునేవాళ్లెవరూ లేకుండా మీరు ఇంకొకరిని ఎన్నాళ్లు చూసుకుంటారు?

పోయిన నెల మా ఆడపడుచు వచ్చింది. వాళ్లమ్మ తనని గుర్తుపట్టలేదు. కారిడార్‌లో గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చింది, నేనేం మాట్లాడలేదు. మర్నాడు తనే తన జాకెట్టు ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చింది. అత్తయ్య ఇప్పుడు ఎక్కువ మాట్లాడట్లేదు, సెషన్ కూడా పదిహేను నిమిషాలకి తగ్గించారు. జాకెట్టు ఒళ్లో పెట్టింది. అత్తయ్య వేళ్లు హుక్కుల పట్టీ దగ్గరికి వెళ్లాయి, ఒక్కో కాజా తడుముతూ కిందికి దిగాయి, నాలుగోది కాస్త విడిపోయి ఉంటే అక్కడ ఆగి, పైకి చూసి, "ఎవరి దగ్గర కుట్టించావమ్మా" అంది.

"మా అమ్మ కుట్టింది" అంది మా ఆడపడుచు.

"బాగానే కుట్టింది. దారం పాతదైంది." అని మడత పెట్టి, చేత్తో నాలుగుసార్లు రాసి సాపు చేసి ఇచ్చింది.

తను ఆ జాకెట్టు వెనక్కి తీసుకెళ్లలేదు. బల్ల మీద సంచిలో ఉంది. మంగళవారం తొమ్మిదిన్నరకి తీస్తాం.